మిషెల్ అజెమాంగ్: జట్టు వెనకబడితేనే గుర్తొచ్చే అమ్మాయి

చిత్తడి మైదానం
1 నవంబరు 2025, ఉదయం 7:12

మంగళవారం రాత్రి డెర్బీలో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఇంగ్లండ్ మహిళలు ఆస్ట్రేలియాను 3-0తో ఓడించారు. గెలిచిన ఆట గురించి ఇంత దిగులుగా చర్చ మొదలుపెట్టడం నాకిదే మొదటిసారి. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మిషెల్ అగ్యెమాంగ్‌ను స్ట్రెచర్ మీద బయటికి తీసుకువెళ్లారు. మోకాలిలో ఏసీఎల్ అనే పట్టీ తెగిందని ఆ తరవాత ఖరారైంది. ఈ సీజన్ ఆమెకు ముగిసినట్టే. వయసు పందొమ్మిది.

ఇక్కడ పురుషుల ఫుట్‌బాల్ తప్ప వేరే మాట రాసేవారు తక్కువ కాబట్టి ఆమె ఎవరో కొంచెం చెబుతాను. 2006 ఫిబ్రవరిలో పుట్టింది. సొంత ఊరు ఎసెక్స్‌లోని సౌత్ ఓకెండన్. కుటుంబం మూలాలు ఘనాలో ఉన్నాయి. ఆరేళ్లప్పుడు ఆర్సెనల్ అకాడమీలో చేరి, పదహారేళ్లకే పెద్ద జట్టు చొక్కా వేసుకుంది. తరవాత ఒక సీజన్ వాట్‌ఫర్డ్‌కు, 2024-25లో బ్రైటన్‌కు అరువు మీద వెళ్లింది. ఈ సీజన్ కూడా బ్రైటన్‌లోనే.

ఈ ఏడాది ఏప్రిల్‌లో బెల్జియంలోని లూవెన్‌లో ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడింది. మైదానంలోకి అడుగుపెట్టిన 41 సెకన్లకు గోల్ కొట్టింది. బంతిని ఛాతీ మీద ఆపి, నేల తాకకముందే తన్నేసింది. ఇంగ్లండ్ 3-2తో ఓడిపోయిందనుకోండి. అయినా ఆ రాత్రి ఎవరికైనా గుర్తున్నది ఆ ఒక్క తన్ను మాత్రమే. జూలైలో స్విట్జర్లండ్‌లో జరిగిన యూరోలో, అంటే ఐరోపా జట్ల కప్పులో, ఏం చేసిందో చూసినవారికి చెప్పక్కరలేదు. చూడనివారు అడిగితే రాస్తాను, నాకూ మళ్లీ తలచుకోవాలని ఉంది.


ఎడమకాలు
1 నవంబరు 2025, ఉదయం 8:05

ముందుగా పేరు సరిచేద్దాం. అగ్యెమాంగ్ కాదు, అజెమాంగ్. ఘనాలోని అకాన్ భాషలో జీ, వై అక్షరాలు పక్కపక్కన వస్తే దాదాపు మన 'జ' పలుకుతుంది. 2010 ప్రపంచ కప్‌లో ఉరుగ్వే మీద చివరి క్షణంలో పెనాల్టీని క్రాస్‌బార్‌కు కొట్టిన అసమోవా జాన్ గుర్తున్నాడా? ఆయన పేరులోనూ అవే అక్షరాలు. మనవాళ్లు చాలామంది గ్యాన్ అనే రాశారు. ఆయన తరవాత మన ఇండియన్ సూపర్ లీగ్‌కు వచ్చి నార్త్ ఈస్ట్ యునైటెడ్‌కు ఆడినప్పుడు కూడా మారలేదు.

ఇక గాయం సంగతి. వార్త చదివి ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంతకన్నా ఏమీ రాయలేను.


చిత్తడి మైదానం
1 నవంబరు 2025, ఉదయం 8:20

సరిచేసినందుకు కృతజ్ఞతలు. శీర్షిక మార్చాను. పైన రాసిన దాంట్లో తప్పు అలాగే ఉంచుతున్నాను, లేకపోతే మీ మాట గాలిలో వేలాడుతుంది.


పాత రేడియో
1 నవంబరు 2025, ఉదయం 10:48

కష్టకాలంలో ఉన్న పిల్ల గురించి తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ మనం ఆమెను ఎంత చూశాం? యూరోలో ఒక్క మ్యాచ్‌లో కూడా మొదటి పదకొండు మందిలో లేదు. అన్నిసార్లూ చివర్లో దిగిందే. మొత్తం కలిపితే రెండు పూర్తి మ్యాచ్‌ల సమయం కూడా ఉండదు. బ్రైటన్‌కు గత సీజన్ లీగులో చేసిన గోల్స్ ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. అప్పుడే ఆమెను ఆకాశానికి ఎత్తేశాం. కూయక ముందే కోడిని మెచ్చుకున్నట్టుంది.

నేను నలభై ఏళ్లుగా ఆట వింటున్నాను, చూస్తున్నాను. ఒక వేసవిలో మెరిసి మరుసటి వేసవికి కనబడనివాళ్లు ఎందరో. గాయం లేకపోయినా ఈ ప్రశ్న ఉండేదే. ఆదివారం మధ్యాహ్నం, వానలో, రెండు వేల మంది ముందు, 0-0 దగ్గర తొంభై నిమిషాలూ ఆడాల్సి వస్తే ఈమె ఎలా ఆడుతుంది?


వానలో మ్యాచ్
1 నవంబరు 2025, మధ్యాహ్నం 1:30

పాత రేడియో గారూ, మీరు అడిగిన ఆ ఆదివారం, ఆ వాన, ఆ రెండు వేల మంది, అన్నీ నేను చూశాను. మేము క్రాలీలో ఉంటాం. బ్రైటన్ మహిళల జట్టు సొంత మ్యాచ్‌లు ఇక్కడి బ్రాడ్‌ఫీల్డ్ మైదానంలోనే. మా ఇంటి నుంచి నడిచి వెళ్లవచ్చు. మా పాపకు పదేళ్లు, దాని బలవంతం మీదే మొదలుపెట్టాను. మొదట్లో మడత కుర్చీ, ఫ్లాస్కు, పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లేదాన్ని. కుర్చీ లోపలికి రానివ్వరని మొదటి రోజే తెలిసింది.

ఆమె ఎలా ఆడుతుందని కదా అడిగారు. గోల్స్ లెక్కపెట్టేవారికి కనబడనిది ఒకటి చెబుతాను. వెనకనుంచి పొడవుగా బంతి వస్తుంది. వీపు మీద ఒక డిఫెండర్ ఆనుకుని ఉంటుంది, ఈమెకన్నా పదేళ్లు పెద్దది, ప్రపంచ కప్పులు ఆడినది. ఈమె రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, నడుము కిందికి దించి, ఆ మనిషిని అలా వెనకే నిలబెట్టేస్తుంది. మా నాన్నగారు కావడి మోసేటప్పుడు అలాగే నిలబడేవారు. బంతి ఆగుతుంది, పక్కవాళ్లు పరిగెత్తుకొచ్చేదాకా ఆగుతుంది. దానికి గోల్ రాదు, పేపర్లో పేరు రాదు. కానీ జట్టు మొత్తం ఊపిరి పీల్చుకునేది అక్కడే.

తప్పులూ ఉన్నాయి. కొన్నిసార్లు గోలు ముందు తొందరపడుతుంది. ఒకసారి మా పాప 'అమ్మా, నేనైనా కొట్టేదాన్ని' అంది. పక్కనున్న తెల్లాయన మాకు అర్థం చెప్పమన్నాడు, చెప్పలేదు.


బెంచి మీద
1 నవంబరు 2025, మధ్యాహ్నం 2:02

పులిహోర ఎవరు కలిపారన్నది ముఖ్యమైన ప్రశ్న.

ఇంకో సంగతి. ఆమె ఇంగ్లండ్‌కు చేసిన మొదటి మూడు గోల్స్ వరసగా చూడండి. బెల్జియం మీద కొట్టినప్పుడు జట్టు 3-1తో వెనకబడి ఉంది. స్వీడన్ మీద కొట్టినప్పుడు 2-1తో వెనక. ఇటలీ మీద 1-0తో వెనక. మూడుసార్లూ సబ్‌స్టిట్యూటే. అంటే ఇల్లు తగలబడ్డాకే ఈమెను పిలుస్తున్నారు. నీళ్ల బిందె పట్టుకుని వచ్చి ఆర్పుతోంది. మంట లేనప్పుడు ఈ అమ్మాయి ఏం చేస్తుందో ఇంగ్లండ్ కోచ్ సరీనా వీగ్‌మన్‌కైనా సరిగా తెలిసి ఉండదు. పాత రేడియో గారి సందేహం న్యాయమైనదే, కానీ తప్పు అమ్మాయిది కాదు.


చిత్తడి మైదానం
1 నవంబరు 2025, సాయంత్రం 4:15

అడిగినవారు ఇద్దరు సందేశం పంపారు కాబట్టి యూరో కథ.

మొదటి మ్యాచే ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓటమి. తరవాత నెదర్లండ్స్ మీద 4-0, వేల్స్ మీద 6-1. జూలై 17న జ్యూరిక్‌లో స్వీడన్‌తో క్వార్టర్ ఫైనల్. స్వీడన్‌కు రెండో నిమిషంలోనే అస్లానీ, 25వ నిమిషంలో బ్లాక్‌స్టేనియస్ గోల్స్ కొట్టారు. 2-0. డెబ్భై నిమిషాలు దాటినా ఇంగ్లండ్ ఆటలో జీవం లేదు. నేను టీవీ కట్టేద్దామని లేచాను కూడా. అప్పుడు వీగ్‌మన్ మార్పులు చేసింది. క్లోయీ కెల్లీ పక్కనుంచి గోలు ముందుకు పంపిన క్రాస్‌ను 79వ నిమిషంలో లూసీ బ్రాంజ్ తలతో కొట్టింది. రెండు నిమిషాలకు మళ్లీ కెల్లీ క్రాస్. బెత్ మీడ్‌కు తగిలి వచ్చిన బంతిని అజెమాంగ్ దగ్గరి నుంచి లోపలికి నెట్టింది. అదనపు సమయంలో ఏమీ తేలలేదు. ఆ పెనాల్టీ షూటౌట్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పద్నాలుగు తన్నులలో తొమ్మిది లోపలికి పోలేదు. 3-2తో బయటపడ్డారు.

ఇప్పుడు అసలు సంగతి. 2021లో వెంబ్లీలో ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్ ఆడుతుంటే గీత బయట నిలబడి బంతులందించిన పిల్లల్లో ఈ అజెమాంగ్ ఒకతి. ఆ రోజు బెంచి మీద నుంచి దిగి హ్యాట్రిక్ కొట్టినది ఎవరనుకుంటున్నారు? బెత్ మీడ్. నాలుగేళ్లకు జ్యూరిక్‌లో ఆ మీడ్ మీదుగా వచ్చిన బంతినే ఈమె గోల్‌గా మలిచింది. సినిమాలో పెడితే మరీ అతిగా ఉందంటారు.

సెమీఫైనల్ జూలై 22, జెనీవా. ఇటలీకి బొనాన్సియా 33వ నిమిషంలో గోల్ ఇచ్చింది. తొంభై నిమిషాలు అయిపోయాయి. అదనంగా ఇచ్చిన నిమిషాల్లో ఆరోది నడుస్తోంది. ఇటలీ గోల్ కీపర్ జూలియానీ ఒక క్రాస్‌ను చేజార్చింది. బంతి అజెమాంగ్ దగ్గర పడింది. ఆ వయసులో, ఆ నిమిషంలో, నేనైతే కళ్లు మూసుకుని గట్టిగా తన్నేవాడిని. ఆమె బలం వాడలేదు. బంతిని ఒక్క క్షణం సర్దుకుని, గుమిగూడిన కాళ్ల మధ్య సందు చూసి పంపింది. అదనపు సమయంలో కీపర్ తల మీదుగా లేపిన ఇంకో బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. చివరికి 119వ నిమిషంలో కెల్లీ పెనాల్టీని కీపర్ ఆపినా, వెనక్కి వచ్చిన బంతిని కెల్లీయే గోల్ చేసింది.

ఫైనల్ బాసెల్‌లో, 27న. స్పెయిన్‌తో 1-1, పెనాల్టీల్లో 3-1తో ఇంగ్లండ్‌దే కప్పు. నాకౌట్ మూడు మ్యాచ్‌లలో, అదనపు సమయాలు కలుపుకుని కూడా, ఇంగ్లండ్ ఆధిక్యంలో ఉన్నది ఐదు నిమిషాల లోపే. టోర్నీలో అత్యుత్తమ యువ క్రీడాకారిణి అవార్డు అజెమాంగ్‌కు ఇచ్చారు.


పాత రేడియో
1 నవంబరు 2025, రాత్రి 9:10

బాగా రాశారు. నేను ఆ ఇటలీ మ్యాచ్ 90వ నిమిషంలో కట్టేసి పడుకున్నాను. ఉదయం పత్రిక చూసి మా ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ వినబడుతోంది.

బంతులందించిన పిల్ల అన్నారు కాబట్టి ఒక పాత ముచ్చట. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ అనే ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు ఆడితే 53,000 మంది వచ్చారు. మరుసటి డిసెంబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవారికి తగదంటూ, తన సభ్య క్లబ్బుల మైదానాల్లో మహిళల మ్యాచ్‌లు జరగరాదని తీర్మానం చేసింది. అది దాదాపు యాభై ఏళ్లు నిలిచింది. అంటే ఈ పిల్ల అమ్మమ్మ వయసు వాళ్లు ఇంగ్లండ్‌లో లీగ్ మైదానం గడ్డి మీద బంతి తన్నడానికి వీల్లేకపోయింది. జనం రాలేదని ఆపలేదు. వచ్చారనే ఆపారని నా అనుమానం.


మోకాలిచిప్ప
2 నవంబరు 2025, ఉదయం 6:30

నేను ఫిజియోథెరపిస్టును. పేరు చూసి నవ్వకండి, ఇక్కడ చేరినప్పుడు అదే తట్టింది.

ఏసీఎల్ అంటే తొడ ఎముకను, కింది కాలి ఎముకను మోకాలి లోపల ఏటవాలుగా కట్టి ఉంచే పట్టీ. పరిగెత్తుతూ ఒక్కసారిగా ఆగినా, తిరిగినా, గాలిలోకి ఎగిరి ఒంటికాలి మీద దిగినా దాని మీద బరువు పడుతుంది. చాలాసార్లు ఎదుటి మనిషి తగలకుండానే తెగుతుంది. తెగేటప్పుడు 'టప్'మన్న శబ్దం వినబడిందని చెప్పేవారు చాలామంది. తెగిన పట్టీని సాధారణంగా కుట్టరు. తొడ వెనక కండర స్నాయువునుంచో, మోకాలిచిప్ప కింది స్నాయువునుంచో ఒక ముక్క తీసి దాని స్థానంలో బిగిస్తారు. ఆ ముక్క కొత్త చోట నాటుకుని, రక్తం అందుకుని, పట్టీగా మారడానికి నెలలు పడుతుంది. ఈ మార్పును ఏ డబ్బూ, ఏ క్లబ్బూ తొందరపెట్టలేవు. తొమ్మిది నుంచి పన్నెండు నెలలు అనుకోండి. తొమ్మిది నెలల లోపు తిరిగి పోటీ ఆటలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం బాగా పెరుగుతుంది. వయసు తక్కువైతే ఇంకా. పందొమ్మిదేళ్ల పిల్లకు 'ఏం ఫరవాలేదు, త్వరగా వచ్చేస్తావు' అనడం ఓదార్పు కాదు, అపకారం.

ఆడపిల్లల్లో ఈ గాయం మగవారికన్నా చాలా ఎక్కువ. ఎందుకు అంటే ఒక్క జవాబు లేదు. తుంటి వెడల్పు, హార్మోన్లు అని శరీరం మీదికి నెట్టడం సులువు. చిన్నప్పటినుంచి బరువులెత్తే శిక్షణ ఎవరికి దొరికింది, మంచి గడ్డి ఎవరికి ఇచ్చారు, మగవారి పాదానికి కొలిచిన బూట్లు ఎవరు తొడుక్కుంటున్నారు అన్నవీ అడగాలి. ఇంగ్లండ్ మహిళల లీగులో దీని మీద 2024లో ప్రాజెక్ట్ ఏసీఎల్ అని మొదలుపెట్టారు. ఆటగాళ్ల సంఘాలు, లీడ్స్ బెకెట్ విశ్వవిద్యాలయం, నైకీ కలిసి చేస్తున్న పని. ప్రయాణాలు, విశ్రాంతి, సదుపాయాలు కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు నచ్చింది.


బెంచి మీద
2 నవంబరు 2025, ఉదయం 9:44

నా వినియోగదారు పేరు సరదాకు పెట్టుకున్నది కాదు. ఇంటర్ చదివేటప్పుడు కబడ్డీలో నాదీ తెగింది. సిమెంటు నేల మీద ఆడించారు. అప్పుడు అది ఏసీఎల్ అని ఎవరికి తెలుసు? ఊళ్లో కట్లు కట్టే ఆయన కోడిగుడ్డు తెల్లసొన, పసరు కలిపి గట్టిగా కట్టాడు. వాపు తగ్గింది, నొప్పి తగ్గింది, మెట్లు దిగుతుంటే మాత్రం కాలు చేతిలో లేనట్టు పక్కకు పోయేది. రెండేళ్లకు పట్నంలో స్కాన్ తీస్తే తేలింది. అప్పటికి ఆట అయిపోయింది.

మోకాలిచిప్ప గారు రాసింది చదువుతుంటే నాకు కోపం రాలేదు, విచిత్రంగా ఊరట కలిగింది. గట్టిగా నిలబడి ఆడలేకపోయింది నా చేతకానితనం వల్ల కాదన్నమాట.


మోకాలిచిప్ప
2 నవంబరు 2025, ఉదయం 10:15

కాదు. ముమ్మాటికీ కాదు. తొడ కండరాలకు వ్యాయామం ఇప్పటికీ చేయవచ్చు, వేరుగా సందేశం పెడుతున్నాను చూడండి.


కొత్తబంతి
2 నవంబరు 2025, మధ్యాహ్నం 12:20

ఎవరూ అనుకోకపోతే ఒక మాట. ఎక్కడో ఎసెక్స్ అమ్మాయి మోకాలి గురించి మనం ఇంత బాధపడాలా? మన ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు ఇందులో పదో వంతు శ్రద్ధ ఉందా?


ఎడమకాలు
2 నవంబరు 2025, మధ్యాహ్నం 12:58

రెండూ చేయవచ్చు కదా. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాకు వెళ్లి డినామో జాగ్రెబ్‌కు ఆడింది. ఈస్ట్ బెంగాల్‌తో జాతీయ లీగ్ గెలిచింది. ఈ జూలైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మన జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ చర్చ నేనే మొదలుపెట్టాను, ఏడు జవాబులు వచ్చాయి. అందులో మూడు నావే. మీది లేదు.


కొత్తబంతి
2 నవంబరు 2025, మధ్యాహ్నం 1:03

ఒప్పుకుంటున్నాను. ఇప్పుడే వెళ్లి ఎనిమిదోది రాస్తాను.


పాత రేడియో
2 నవంబరు 2025, సాయంత్రం 6:40

ఆమె తిరిగి వచ్చాక ఎక్కడ ఆడుతుంది? అదీ నా బెంగ. అరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇక్కడ సొమ్ము ఆర్సెనల్‌ది, మెరుగు పెట్టింది బ్రైటన్. ఆర్సెనల్‌లో ముందు వరుస చూడండి: అలెస్సియా రుస్సో, బ్లాక్‌స్టేనియస్, మీడ్, కెల్లీ, కెయిట్లిన్ ఫోర్డ్, మారియోనా కాల్డెంటీ. చాలదన్నట్టు ఈ వేసవిలో పది లక్షల పౌండ్లు పెట్టి లివర్‌పూల్ నుంచి ఒలీవియా స్మిత్‌ను తెచ్చుకున్నారు. తమాషా ఏమిటంటే, క్వార్టర్ ఫైనల్లో స్వీడన్‌కు రెండో గోల్ కొట్టింది బ్లాక్‌స్టేనియస్. ఫైనల్లో స్పెయిన్‌కు కొట్టింది మారియోనా, ఇంగ్లండ్‌కు రుస్సో. యూరోలో ఈ పిల్ల అటూ ఇటూ చూసిన వాళ్లంతా సొంత క్లబ్బులో ఈమె ముందు వరుసలో నిలబడ్డవాళ్లే. రేషను దుకాణం ముందు చివర నిలబడ్డట్టు.


వానలో మ్యాచ్
2 నవంబరు 2025, రాత్రి 8:25

అందుకే బ్రైటన్ మంచిదైంది. మే నెలలో లిస్బన్‌లో ఆర్సెనల్ బార్సిలోనాను 1-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. గోల్ బ్లాక్‌స్టేనియస్‌దే. అక్కడే ఉండి ఉంటే అజెమాంగ్ మెడలో ఒక పతకం పడేదేమో, కానీ ఆ సీజనంతా శిక్షణ కోటు విప్పకుండానే గడిచేది. ఇక్కడ మా క్రాలీలో ఓడింది, గెలిచింది, నిలబడి దెబ్బలు తిన్నది. స్వీడన్ డిఫెండర్లకు ఎదురు నిలబడగలిగిందంటే ఆ సీజన్ వల్లే అని నా నమ్మకం.

నా బాధ వేరు. పైన ఎవరో అన్నారే, నిప్పు ఆర్పడానికే పిలుస్తున్నారని. ఈ సీజన్ ఆమెకు మామూలు ఆటలు ఆడే సీజన్. వారం వారం మొదటి పదకొండులో ఉండి, బాగా ఆడిన రోజూ, ఆడని రోజూ రెండూ ఉండాల్సిన సీజన్. మోకాలు తీసుకున్నది అదే. ఎవరూ చూడని ఆదివారాలు.


పాత రేడియో
2 నవంబరు 2025, రాత్రి 8:51

ఈ మాటకు నా దగ్గర ఎదురు మాట లేదమ్మా.


మోకాలిచిప్ప
5 నవంబరు 2025, ఉదయం 7:05

నిన్న ప్రపంచ కప్ క్వాలిఫయర్ల డ్రా తీశారు. ఇంగ్లండ్ గ్రూపులో స్పెయిన్, ఐస్‌లండ్, ఉక్రెయిన్. వచ్చే ఏడాది వసంతంలో జరిగే ఆ మ్యాచ్‌లకు అజెమాంగ్ ఉండదు. కానీ ప్రపంచ కప్ బ్రెజిల్‌లో 2027 జూన్ 24న మొదలు. వేళ్ల మీద లెక్కపెట్టండి. తొందరపడకుండా పన్నెండు నెలలు తీసుకున్నా దాదాపు ఎనిమిది నెలల ఆట మిగులుతుంది.

ఆమె సొంత క్లబ్బు చరిత్రలోనే ఉదాహరణలున్నాయి. 2022-23లో ఆర్సెనల్‌లో ఒకే సీజన్‌లో నలుగురికి ఏసీఎల్ తెగింది: మీడ్, మీడెమా, లియా విలియమ్‌సన్, వీన్‌రాయిథర్. మీడ్, విలియమ్‌సన్ ఇద్దరూ 2023 ప్రపంచ కప్ పోగొట్టుకున్నారు. ఆ ఇద్దరూ బాసెల్‌లో కప్పు అందుకున్నారు, విలియమ్‌సన్ కెప్టెన్‌గా. కాబట్టి పక్క మంచం మీద ఎలా కూర్చోవాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు.

ఒక హెచ్చరిక మాత్రం. తిరిగి వచ్చిన మొదటి రెండు మూడు నెలలు ఆమె మునుపటిలా ఉండదు. కాలు సిద్ధంగా ఉన్నా మనసు ఆ కాలును నమ్మదు. డిఫెండర్‌ను వీపు మీద ఆనించుకుని నిలబడటమే ఆమె ఆట అని క్రాలీ అక్క రాశారు. సరిగ్గా అక్కడే మొదట సంకోచం కనబడుతుంది. అప్పుడు ఎవరైనా 'పని అయిపోయింది' అని ఇక్కడ రాస్తే నేను ఊరుకోను.


చిత్తడి మైదానం
5 నవంబరు 2025, ఉదయం 7:40

నిర్వాహకులను అడిగి ఆ చివరి వాక్యాన్ని పైన అంటించమంటాను.

ఇంకో చేదు ముక్క చూశారా? డిసెంబరు 2న సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్ ఘనాతో ఆడబోతోంది. ఎవరితోనైనా ఆడనివ్వండి, ఘనాతో మాత్రం ఆమె ఉండాల్సింది.


ఎడమకాలు
3 డిసెంబరు 2025, ఉదయం 8:30

నిన్న చూశాను. ఇంగ్లండ్ 2-0. సౌతాంప్టన్‌లో ఆడి పెరిగిన లూసియా కెండల్ అదే ఊళ్లో తన మొదటి అంతర్జాతీయ గోల్ కొట్టింది. చివర్లో రుస్సో పెనాల్టీ. రెండు జట్లలోనూ అజెమాంగ్ లేదు. ఒక జట్టు జాతీయ గీతం పాడుతుంటే ఒకటి, ఇంకో జట్టు పాడుతుంటే ఇంకొకటి గుర్తొచ్చే మనిషి ఆ సాయంత్రం ఎక్కడ కూర్చుని చూసిందో.


పాత రేడియో
3 డిసెంబరు 2025, ఉదయం 9:15

నేనూ చివరిదాకా చూశాను. ఈసారి కట్టేయలేదు.


వానలో మ్యాచ్
3 డిసెంబరు 2025, సాయంత్రం 5:50

మేము వెళ్లలేదు, మరుసటి రోజు బడి. కానీ ఇక్కడ ఒక వార్త ఉంది. బంతులందించే పిల్లలు కావాలని మా పాప ఆడే పిల్లల జట్టును అడిగారట, ఇది నన్ను అడగకుండానే పేరు ఇచ్చేసింది. గోలు వెనక నిలబడాలట, ఆటవాళ్లతో మాట్లాడకూడదట, గోల్ పడితే గంతులు వేయకూడదట. ఈ మూడోది తన వల్ల కాదని ముందే చెప్పింది. వాన కోటు వాళ్లే ఇస్తారు.


బెంచి మీద
3 డిసెంబరు 2025, సాయంత్రం 6:04

కోటు సరిపోయిందా?


వానలో మ్యాచ్
3 డిసెంబరు 2025, సాయంత్రం 6:20

మోకాళ్ల కిందికి వస్తోంది. చేతులు రెండు మడతలు పెట్టాం.